ట్యాంకుకు రంగు ఇంట్లనే వేసుకోవాల్నా, పెయింటర్‌కు ఇయ్యాల్నా?

ప్రశ్న (దేవరకొండ)

అందరికి నమస్తే. 100 సీసీ బండి, నల్ల రంగు, పదేండ్లు దాటింది. ట్యాంకు మూత చుట్టు పెట్రోల్ కారి కారి పైపొర పెచ్చులు లేస్తున్నది. ఎడమ దిక్కు రూపాయి బిళ్లంత సొట్ట. సైడ్ ప్యానెళ్లు ఎండకు వెలిసిపోయినయి. నల్లగొండల ఒక పెయింటర్ ట్యాంకు, రెండు ప్యానెళ్లు, టెయిల్ కలిపి 4,500 అడిగిండు. స్ప్రే డబ్బలతోటి ఇంట్ల చేసుకుంటే అందుల సగం గూడ కాదంటున్నరు. ఇంట్ల చేస్తే ఆగుతదా? డబ్బలు ఎన్ని పడ్తయి? ఏ నంబర్ ఎమరీతోటి రుద్దాలె? నలుపు తీసి ఎరుపు వేద్దామని గూడ ఉన్నది.

జవాబు 1 (నల్లగొండ)

తమ్మీ, ప్యానెళ్లు, టెయిల్ ఇంట్ల చేస్కో. ట్యాంకు మీద క్లియర్ (రంగు మీద కొట్టే రంగు లేని మెరుపు పొర) మాత్రం స్ప్రే గన్ను పట్టే పెయింటర్‌కే ఇయ్యి. కారణం పెట్రోలే. మామూలు స్ప్రే డబ్బల ఉండేది వన్‌కే క్లియర్. దాంట్ల థిన్నర్ ఎగిరిపోతే ఆరినట్టు కనవడ్తది గాని గట్టి కట్టు పడదు. ఎన్ని రోజులు ఆరబెట్టినా బంకుల గొట్టం తీసేటప్పుడు నాలుగు చుక్కలు పడ్డయంటే మెత్తబడి వేలిముద్ర దిగుతది. టూకే క్లియర్‌ల హార్డ్‌నర్ కలుపుతరు. అది పూర్తిగ గట్టిపడ్డంక పెట్రోల్ పడ్డా తుడుచుకుంటే అయిపోతది. నీ ట్యాంకు పాడైందే మూత కాడ, మళ్ల అక్కడ వన్‌కే కొడితే మళ్ల అక్కడ్నే పోతది.

మరి టూకే ఇంట్లనే కొట్టుకోవచ్చు గదా అంటవు. ఆ హార్డ్‌నర్‌ల ఐసోసయనేట్ ఉంటది. దస్తీ గాని, సర్జికల్ మాస్కు గాని దాన్ని ఆపదు. ఒంటికి పడకుంట అయిందంటే ఆస్తమా పట్టుకుంటది, ఆ తర్వాత కొంచెం పీల్చినా దమ్ము ఆడదు. పిల్లలు, ముసలోల్లు ఉన్న ఇంట్ల అసలే వద్దు.

ట్యాంకు జాగ్రత్తలు. పెట్రోల్ మొత్తం తీసి, పెట్రోల్ కాక్, గేజ్ ఫ్లోట్ (పెట్రోల్ ఎంతున్నదో చూపే బెండు) విప్పి, మూత తెరిచి నీడల రెండు రోజులు గాలికి పెట్టు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్న ప్రమాదం, లోపల అంటుకునే ఆవిరి ఉంటది. గ్రైండర్ పెట్టకు, నిప్పు రవ్వలు లేస్తయి. సొట్టను గ్యాసు మంటతోటి తీస్తమని ఎవరన్నా అంటే ఒప్పుకోకు.

రుద్దే ముందు సీటు కింద దాగే చోట థిన్నర్ గుడ్డతోటి పది సార్లు తుడువు. నలుపు గుడ్డకు అంటి రంగు జిగటగ అయితే కింద ఉన్నది కచ్చా రంగు. దాని మీద కొత్తది కొడితే ముడతలు లేస్తది, రేకు దాక తీయాల్సిందే. అంటకపోతే పెచ్చులు లేసిన కాడ్నే తీసి, అంచులు దిగేదాక 180, 320తో రుద్ది, మిగతా ట్యాంకు 400తో గరుకు చేస్తే చాలు.

సొట్ట కాడ 80 నంబర్‌తో రేకు తేలాలె, అప్పుడే పుట్టీ పడ్తది. పాలిస్టర్ పుట్టీ 100 గ్రాములకు 2 గ్రాముల హార్డ్‌నర్. ఇంట్ల తరాజు లేకుంటే నిమ్మకాయంత పుట్టీకి శనగ గింజంత. ఎక్కువ కలిపితే తొందరగ గట్టిపడ్తది గాని తర్వాత పైరంగుల పసుపు మరక తేల్తది, లేత రంగుల మరీ కనవడ్తది. తక్కువ కలిపితే లోపల మెత్తగనే ఉంటది. మందం 2 మిల్లీమీటర్లు దాటొద్దు. అరగంట ఆగి 80, 180, 320, అంతా పొడి రుద్దుడే. పుట్టీకి నీళ్లు తగలనియ్యకు. స్పాంజి లెక్క పీలుస్తది, ఆ తడే రేపు ఎండల బుడగ లేస్తది.

ఎమరీని ఉత్త వేళ్లతో పడ్తే వేళ్ల గుంటలు దిగుతయి. పాత హవాయి చెప్పును సబ్బు బిళ్లంత కోసి దానికి చుట్టుకో, ట్యాంకు వంపుకు సరిగ్గ ఒదుగుతది. సాపు అయ్యిందా లేదా చూడాలంటే నల్ల డబ్బతోటి దూరం నుంచి మంచు లెక్క చల్లి మళ్ల రుద్దు. నలుపు ఎక్కడ మిగిల్తే అక్కడ గుంట ఉన్నట్టు.

జవాబు 2 (జడ్చర్ల)

పైన అన్న చెప్పింది కరెక్టే గాని పుట్టీ ఇంట్ల, క్లియర్ పెయింటర్ కాడ అనేదానికి నేను ఒప్పుకోను. రేపు బుడగ లేస్తే "పుట్టీ మీదే గదా" అని ఆయన చేతులు దులుపుకుంటడు. ట్యాంకు ఇస్తే మొత్తం ఇయ్యాలె. ఇంటికాడ విప్పి, కడిగి, స్టిక్కర్లు పీకి, జిగురు తీసి ఇస్తే కూలి కొంత తగ్గించమని అడగొచ్చు, జిమ్మేదారీ ఆయన మీదనే ఉంటది.

4,500ల ఏమేం ఉన్నయో విడదీసి అడుగు. రేకు తేలిన కాడ ఎపాక్సీ ప్రైమర్ (రేకును పట్టుకునే అడుగు పొర) కొడ్తడా? క్లియర్ టూకేనా, లేక ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్, థిన్నర్ ఎగిరి ఆరే) రంగే కొట్టి పాలిష్ చేస్తడా? ఎన్ని కోట్లు (పొరలు) కొడ్తడు? మాటను నమ్ముకునుడు గాదు, ఆయన కాడ నెల కింద కొట్టిన పాత రేకు మడ్‌గార్డు ఉంటది. మూలకు ఆ థిన్నర్ గుడ్డే పెట్టి రుద్దు. రంగు గుడ్డకు రాకుంటే టూకేనే. వస్తే ఆయన మస్తు మెరిపిచ్చినా పెట్రోల్‌కు ఆగదు, ఇంట్ల డబ్బకు దానికి తేడా లేదు, పైసలు ఎందుకు పెట్టుడు?

స్టిక్కర్లు రంగు మీద, క్లియర్ కింద రావాలె. క్లియర్ మీద అతికిస్తే పెట్రోల్‌కు అంచులు లేస్తయి.

మెటాలిక్, పర్ల్ రంగులైతే ఇంట్ల ప్రయత్నం గూడ చెయ్యకు. డబ్బ నాజిల్‌తో వెండి రేణువులు ఒక కాడ గుంపు, ఒక కాడ పల్చన పడి మచ్చలు మచ్చలుగ వస్తది. నలుపు, ఎరుపు సాదా రంగులే డబ్బతో సాధ్యం.

మన దిక్కు వాతావరణం గూడ చూసుకోవాలె. మే నెల ఎండల కొడితే రంగు గాలిలనే ఆరి పిండి లెక్క పడ్తది, చెయ్యి పెడితే గరుకు. డబ్బను ఎండల పెట్టుడు మరీ తప్పు, 50 డిగ్రీలు దాటితే పగలొచ్చు. వానకాలం ముసురుల కొడితే తేమకు తెల్లగ పొగలు కమ్ముతది, సాయంత్రం లైటు వేస్తే దీపం పురుగులు వచ్చి తడి రంగు మీద పడ్తయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాక, మంచు ఆరినంక పొద్దున 9 నుంచి 11 మంచి టైము. నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణిగినంకనే డబ్బ ఊపాలె.

జవాబు 3 (మిర్యాలగూడ)

రంగు మార్చే విషయం ఎవరూ చెప్పలేదు. ఆర్‌సీలో బండి రంగు రాసి ఉంటుంది. నలుపు మీద నలుపే వేస్తే ఏ ఇబ్బందీ లేదు. ఎరుపు చేయాలంటే ముందు ఆర్‌టీఓ ఆఫీసులో అడిగి, ఆర్‌సీలో మార్పు రాయించుకోండి. మోటారు వాహనాల చట్టం, 1988లో మార్పుల సంగతి చెప్పేది సెక్షన్ 52. ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పాలి. ఆలివ్ గ్రీన్ మాత్రం వద్దు, అది రక్షణ శాఖ వాహనాలకే.

ప్రశ్న అడిగినవారు

అయితే నలుపే ఉంచుత, ట్యాంకు మొత్తం పెయింటర్‌కే ఇస్త. ప్యానెళ్లు, టెయిల్ ఇంట్ల చేస్త. ప్లాస్టిక్‌కు ఏ ప్రైమర్? మా ఇంట్ల బోరు నీళ్లే ఉన్నయి, వాటితోటి తడి రుద్దుడు చేయొచ్చా?

జవాబు 1 (నల్లగొండ)

ముందు ప్యానెల్ వెనక దిక్కు చూడు, అచ్చుల ఏబీఎస్ అనో, పీపీ అనో ప్లాస్టిక్ రకం రాసి ఉంటది. ఏబీఎస్ అయితే ప్లాస్టిక్ ప్రైమర్ ఒక పల్చని కోటు చాలు. పీపీ అయితే దానికి ముందు అడ్హీజన్ ప్రమోటర్ (రంగు పట్టేటట్టు చేసే ద్రావణం) కొట్టాలె, లేకుంటే గోరు పెట్టినా పొర పొరలుగ లేస్తది. థిన్నర్ గుడ్డ పరీక్ష ప్లాస్టిక్ మీద చెయ్యకు, ఏబీఎస్ కరిగి మెత్తబడ్తది.

400 మిల్లీలీటర్ల డబ్బలు లెక్క పెట్టు: ప్రైమర్ 1, నలుపు 2, క్లియర్ 2. ముందు సబ్బుతో కడిగి, వ్యాక్స్ రిమూవర్‌తో తుడిచి, తర్వాతనే రుద్దు. పాలిష్, చైన్ స్ప్రేల సిలికాన్ ఉంటది, ముందే రుద్దితే అది గీతలల దిగి, రంగు కొట్టంగనే చేప కండ్ల లెక్క గుండ్రటి గుంటలు పడ్తయి. పాత రంగు మీద 400, ప్రైమర్ ఆరినంక 800 తడి. డబ్బను రెండు నిమిషాలు ఊపి, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంల, ప్యానెల్ బయట మొదలుపెట్టి బయటనే వదులు. కోటుకు కోటుకు 10 నుంచి 15 నిమిషాలు. మొదటి కోటుల కింది రంగు కనవడ్తనే ఉండాలె. ఒక్కసారే కప్పుదామని తడిగ కొడితే కారుతది. కారితే అప్పుడు ముట్టకు, రేపు 1000తో దింపు.

బోరు నీళ్లతో రుద్దొచ్చు, కాని మన దిక్కు నీళ్లల ఉప్పు ఎక్కువ. ప్యానెల్ మీదనే ఆరనిస్తే తెల్ల చుక్కలు మిగుల్తయి. దాని మీద రంగు పడ్తే ఉప్పు తేమను గుంజి చిన్న చిన్న పొక్కులు లేస్తయి. బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బ ఒకటి తెచ్చుకో, ఆఖరుకు దాంతోని కడిగి వెంటనే శుభ్రమైన కాటన్ గుడ్డతోటి తుడువు.