అప్‌డేట్: బిల్డ్-ఎసెన్షియల్ ఎక్కింది, తప్పెక్కడో దొరికింది

మొన్న అడిగింది నేనే. కావలిలో మా తమ్ముడి ల్యాప్‌టాప్, ఉబుంటు 22.04 (లినక్స్), బిల్డ్-ఎసెన్షియల్ (సీ ప్రోగ్రాములు కంపైల్ చేసే టూల్స్ ప్యాకేజీ) ఇన్‌స్టాల్ చేయబోతే 'హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్' అని ఆగిపోతోందని.

హోల్డ్‌లో, అంటే మారకుండా ఆపి ఉంచిన ప్యాకేజీలు, ఏమీ లేవు, ఆప్ట్ (ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రామ్) కమాండ్ ఆప్ట్-మార్క్ షోహోల్డ్ కొడితే ఖాళీ. ఒకన్న చెప్పినట్టు ఆప్ట్ పాలసీ లిబ్‌సీ6 కొట్టాక అసలు సంగతి తెలిసింది: మెషీన్లో ఉన్న లిబ్‌సీ6 (ప్రోగ్రాములు వాడుకునే మూల సీ లైబ్రరీ) అప్‌డేట్స్‌లో వచ్చిన కొత్త వెర్షన్, కానీ సోర్సెస్ లిస్ట్‌లో (ప్యాకేజీలు ఎక్కడినుంచి తేవాలో ఆప్ట్‌కి చెప్పే ఫైల్) జామీ-అప్‌డేట్స్, జామీ-సెక్యూరిటీ లైన్ల (జామీ అంటే 22.04 పేరే) ముందు # పెట్టి ఆపేసి ఉంది, దాంతో ఆప్ట్‌కి పాత లిబ్‌సీ6-డెవ్ (బిల్డ్-ఎసెన్షియల్‌కి కావాల్సిన ప్యాకేజీ) ఒక్కటే కనపడుతోంది, అదేమో సరిగ్గా తన నంబరు లిబ్‌సీ6 ఉంటేనే ఎక్కుతుంది. నెల్లూరు హాస్టల్లో ఉన్నప్పుడు ఫోన్ డేటా అయిపోతోందని తమ్ముడే ఆపేశాడంట.

# తీసేసి, ఆప్ట్ అప్‌డేట్ కొట్టి, మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అయిపోయింది.

లిబ్‌సీ6 తీసేసి మళ్లీ వేయమన్న సలహా మాత్రం దయచేసి ఎవరూ పాటించొద్దు, సిస్టంలో దాదాపు ప్రతి ప్రోగ్రామూ దాని మీదే నడుస్తుంది, అది పోతే టెర్మినల్లో ఫైళ్లు చూపే ఎల్ఎస్ కూడా పనిచేయదు.

జీసీసీ (సీ కంపైలర్) నడుస్తోంది. సోమవారం వాడికి ల్యాబ్ ఎగ్జామ్, ఇంట్లో అందరికీ టెన్షన్ తీరింది. చాలా థ్యాంక్స్ అన్నా.