కుక్కతో బరువు లాగించడానికి పట్టీ ఎలా కుట్టించాలి?

మాది అమలాపురం దగ్గర. మా రాట్‌వీలర్‌కి 14 నెలలు, 38 కిలోలు ఉంటాడు. అమెరికాలో కుక్కలు బరువు బండిని 60 సెకన్లలో 16 అడుగులు లాగే పోటీల వీడియోలు చూసి, కొబ్బరితోటలో వీడికి పాత స్కూటర్ టైరు కట్టాను. మెడ బెల్టుకే కట్టడం నా బుద్ధితక్కువ. రెండడుగులకే దగ్గాడు, వెంటనే విప్పేశాను. "ఒంగోలు గిత్త అనుకున్నావేంట్రా!" అని మావయ్య ఒకటే నవ్వు.

బరువు ఛాతీ మీద పడేలా, తాళ్లు వెనక కాళ్లకి తగలకుండా అడ్డకర్ర ఉండే పట్టీ కావాలి. ఇక్కడే కుట్టించాలంటే కొలతలు ఎక్కడెక్కడ తీసుకోవాలి? ఎముకలు ముదిరేదాకా, అంటే 18 నెలల వరకైనా, ఉత్తి పట్టీతో నడిపిస్తే చాలా? మా ఉక్కపోతకి తెల్లారుజామున కూడా రొప్పుతున్నాడు, అదింకో టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.