మూడు, నాలుగు తరగతుల పిల్లలకు "పాత్రలు, స్థలం, కాలం, సమస్య, పరిష్కారం" పట్టిక అవసరమా?

పాఠశాల గంట (కళ్యాణదుర్గం)

అందరికీ నమస్కారం. నేను ఎస్.జి.టి.ని, అంటే ప్రాథమిక పాఠశాల టీచరును. మొన్న కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసేది) ఒక నిర్ణయం జరిగింది. ఇకమీదట ప్రతి కథా పాఠం అయిపోయినాక పిల్లల చేత ఐదు గళ్ల పట్టిక నింపించాలట: పాత్రలు, స్థలం, కాలం, సమస్య, పరిష్కారం. మూడో తరగతి నుంచే మొదలు. గోడకు చార్టు ఉండాలి, నోటుబుక్కులోనూ ఉండాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఐదో తరగతి లోపల ఇది వద్దు. ఇదివరకు కథ అయిపోగానే "ఇంకొకటి మేడం" అని వెంటపడేవాళ్లు. ఇప్పుడు కథ మధ్యలోనే పెన్సిళ్లు బయటికొస్తున్నాయి. రాజు అనగానే పాత్రల గడిలో రాజు, అడవి అనగానే స్థలం గడిలో అడవి. ఆ రాజు అడవికి ఎందుకు పోయినాడో ఎవరికీ పట్టదు. మీ బడుల్లో ఎట్లా ఉంది? పట్టిక కావాలనే వాళ్లు కూడా రండి, గొడవ పడదాం.

నల్లరేగడి (ఆదోని)

గొడవకు నేను రెడీ మేడం.

పట్టిక లేనప్పుడు మనం ఏం అడిగేవాళ్లం? "ఈ కథలోని నీతి ఏమిటి?" అంతేగా. కోతి, మొసలి కథ చెప్పి ఆ ప్రశ్న వేస్తే తరగతి మొత్తం ఒకే గొంతుతో "స్నేహితులను మోసం చేయరాదు" అంటుంది. కథ వినకుండా నిద్రపోయినవాడు కూడా ఆ జవాబు చెప్పగలడు. అదే పిల్లలను "మొసలికి కోతి గుండె ఎందుకు కావాల్సి వచ్చింది?" అని అడగండి. చాలామందికి మొసలి భార్య సంగతే గుర్తుండదు. "సమస్య ఎవరిది?" అని అడిగినప్పుడే బుర్రలు కదులుతాయి. కోతికి ప్రాణం మీదికి వచ్చింది. మొసలికేమో ఇటు భార్య, అటు స్నేహితుడు. స్థలం కూడా ఊరికే నింపే గడి కాదు. మొసలి ఆ మాట ఒడ్డున ఉండగా నోరు జారి ఉంటే కోతి చెట్టెక్కి కూర్చునేది, కథే లేదు. నది నడిమధ్యలో చెప్పింది కాబట్టి కోతి తెలివి వాడక తప్పలేదు. నాలుగో తరగతి పిల్లకు ఇది అర్థం కాదని ఎవరన్నారు?

ఇంకొక మాట. 2000లో అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ అనే కమిటీ, చదివింది పిల్లలకు అర్థం కావడానికి ఏ పద్ధతులు పనిచేస్తాయో పరిశోధనలు తిరగేసి నివేదిక ఇచ్చింది. పనిచేస్తాయని తేల్చిన ఏడింటిలో కథా నిర్మాణం నేర్పడం ఒకటి. చదవడంలో వెనకబడినవాళ్లకే దానివల్ల లాభం ఎక్కువని కూడా చెప్పింది. ఇంట్లో బొమ్మల పుస్తకాలు కొనిచ్చి పక్కన కూర్చుని చదివించే అమ్మానాన్నలు ఉంటే మనం చెప్పకపోయినా నడుస్తుంది. పత్తి తీయడానికి పొద్దున్నే పోయి చీకటి పడినాక వచ్చే ఇళ్ల పిల్లలకు ఎవరు చెప్తారు? బడిలో కాకుంటే ఇంకెక్కడ?

జేజి మనవడు (ప్రొద్దుటూరు)

నేను టీచరును కాదు, తండ్రిని. ఒక్కటే ప్రశ్న. ఏడు చేపల కథకు ఆ పట్టిక నింపి చూపించండి సార్.

నల్లరేగడి (ఆదోని)

పాత్రలు: రాజు, ఏడుగురు కొడుకులు, చేపలు, గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ, పాప, చీమ. స్థలం: ఊరు. సమస్య: ఒక చేప ఎండలేదు. పరిష్కారం:

అబ్బా. సరే, మీ ఉద్దేశం తెలిసింది. అయినా ఒక్క కథ కుదరలేదని పద్ధతే పనికిరాదంటారా?

జేజి మనవడు (ప్రొద్దుటూరు)

ఒక్క కథేనా సార్? మా జేజి చెప్పిన వాటిలో సగం ఇట్లాంటివే. రాజు, కొడుకులు మొదట్లో కనపడి మాయమైపోతారు. చేపను అడిగితే గడ్డిమేటు అడ్డమంటుంది. గడ్డిమేటును అడిగితే ఆవు మేయలేదంటుంది. ఆవు పాలేరు మీద చెప్తుంది, పాలేరు అవ్వ బువ్వ పెట్టలేదంటాడు, అవ్వ పాప ఏడ్చిందంటుంది, పాప చీమ కుట్టిందంటుంది. చీమ మాత్రం ఎవరి మీదా తోయదు, "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అని ఎదురు అడుగుతుంది. కథ కంచికి. చేప చివరికి ఎండిందా లేదా అని నేనైతే ఏనాడూ అడగలేదు.

మా వాడు రెండో తరగతి. దీన్ని ఒక్క మెట్టు కూడా తప్పకుండా చివరిదాకా చెప్తాడు. మరి వాడికి కథ నిర్మాణం తెలిసినట్టా, తెలియనట్టా?

ఎర్రమట్టి (అనంతపురం)

తెలిసినట్టే అన్నా. 1970లలో అమెరికాలో కొందరు మనస్తత్వ పరిశోధకులు కథలను వరుస తారుమారు చేసి పిల్లలకు వినిపించి, తిరిగి చెప్పమన్నారు. పిల్లలు చాలాసార్లు వాటిని మామూలు వరుసలోకి సర్దుకుని చెప్పినారు. కథలు విని విని ఆ చట్రం వాళ్ల లోపల తయారై ఉంటుంది. మనం కొత్తగా పోసేది కాదు. ఉన్నదాన్ని వాళ్లకు చూపించాలి, అంతే.

ఈ ఏడు చేపల కథతో మా తరగతిలో జరిగింది చెప్తా. మా పిల్లలు చేపలు ఎండబెట్టడం చూసినోళ్లు కాదు. "మన ఊర్లో అయితే ఏం ఎండబెడతారు?" అంటే శనక్కాయలు అన్నారు. సరే, ఏడుగురు కొడుకులు ఏడు బస్తాల శనక్కాయలు ఆరబోసినారు. ఒక బస్తా ఎండలేదు. "శనక్కాయా శనక్కాయా ఎందుకు ఎండలేదు?" "మబ్బు అడ్డమొచ్చింది." ఇక్కడిదాకా బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత మబ్బును నిలదీయాలి కదా. వెనక వరుసలో ఒకడు లేచి, "మబ్బును అట్లా అడగొచ్చా సార్? అలిగి మళ్లీ రాకుంటే?" అన్నాడు. అంతే, పీరియడ్ మొత్తం దాని మీదే పోయింది. మబ్బును తిట్టొచ్చని కొందరు, తిట్టకూడదని కొందరు. చివరికి ఒక పాప తీర్పు చెప్పింది: "కాయలు పీకినాక వస్తే తిట్టొచ్చు, అంతకుముందు వస్తే దండం పెట్టాల."

చూడండి, కథ జరిగే చోటు మారితే సమస్య మారుతుందని, కాలం మారినా మారుతుందని వాళ్లే పట్టుకున్నారు. స్థలం, కాలం అన్న మాటలు నేను ఆ తర్వాత బోర్డు మీద రాసినా. ముందే రాసి ఉంటే "ఊరు", "ఒకప్పుడు" అని నింపేసి బెల్లు కోసం చూసేవాళ్లు. పేర్లు వద్దని నేననను. పని జరిగినాక పేరు పెడదాం అంటున్నా.

సగిలేరు గట్టు (బద్వేలు, రిటైర్డ్ హెచ్.ఎం.)

మంచి చర్చ పెట్టినావమ్మా. నా వంతు కూడా వినండి.

ఈ మధ్య ఇంగ్లీషు వర్క్‌బుక్కుల్లో కథకు ఒక కొండ బొమ్మ గీస్తున్నారు. ఒకవైపు ఎక్కుడు, పైన శిఖరం, ఇంకోవైపు దిగుడు. దాని మూలం గుస్తావ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత. ఆయన 1863లో ఐదంకాల నాటకాలను, ముఖ్యంగా విషాదాంతాలను దృష్టిలో పెట్టుకుని చెప్పిన మాట అది. మన నాట్యశాస్త్రంలోనూ ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అని ఐదు సంధులున్నాయి, అంటే కథ సాగే దశలు. అవీ నాటకానికే. రంగస్థలానికి కట్టిన కొలతలు ఇటువైపువైనా అటువైపువైనా పిల్లల కథకు అన్నిసార్లూ సరిపోవు. కాబట్టి మనది, వాళ్లది అన్న పేచీ ఇక్కడ వద్దు. పిల్లవాడికి పనికొస్తుందా లేదా, అంతవరకే చూద్దాం.

నేను సర్వీసులో ఉండగా చేయించినది ఇది. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడిని మధ్యలో ఆపి అడగడం, మాట కలపడం వాళ్ల పని. తరగతిలో ఒక పిల్లను కథకురాలిగా నిలబెట్టండి, ఇద్దరిని వంతలు చేయండి. ఒక వంత "ఎక్కడ? ఎప్పుడు?" అని మాత్రమే అడగాలి. రెండో వంత "ఎందుకు? అప్పుడేం చేసింది?" అని మాత్రమే. కథకురాలు ఆగిపోతే తరగతి అందిస్తుంది. ఐదు గళ్లూ నోటితోనే నిండుతాయి. వంతల కోసం పిల్లలు కొట్లాడుకుంటారు, అది మాత్రం చూసుకోండి. అందరికీ హాస్యమే కావాలి.

హాస్యం అంటే గుర్తొచ్చింది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క వస్తారు. పైన రామాయణం నడుస్తుంటే మధ్యలో దూరి నవ్వించి పోతారు. కథకు వాళ్లతో పనిలేదు. మీ పట్టికలో వాళ్లకు గడి ఎక్కడ? పిల్లలు రాత్రంతా మేలుకునేదేమో వాళ్ల కోసం. అనంతపురం వైపు టీచర్లకు వీలైతే ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు పిల్లలను తీసుకుపోండి. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కథ ఏదో చెప్పకుండా బొమ్మలు చూపించి, "వీడు మంచోడా చెడ్డోడా? ఎట్లా చెప్పగలిగినావు?" అని అడిగితే పాత్రల పాఠం సగం అక్కడే అయిపోతుంది.

ఒకే గది (పత్తికొండ)

వినడానికి అన్నీ బాగున్నాయి. నాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఐదు తరగతులు ఒకే గదిలో. మూడో తరగతి దాటేలోపు ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ అనే కార్యక్రమం పెట్టింది. నా మూడో తరగతిలో ఇంకా గుణింతాల దగ్గర ఉన్నవాళ్లున్నారు. అమ్మానాన్నలతో సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకు పోయి, వచ్చేసరికి నేర్చింది మరిచిపోయి ఉంటారు.

నిజం చెప్తున్నా, పట్టిక ఇస్తే నాలుగో తరగతి కాసేపు కుదురుగా కూర్చుంటుంది. ఆ టైములో నేను ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తా. పట్టిక వల్ల నాకున్న ఉపయోగం అదే. దాన్ని కూడా తీసేయకండి.

పాఠశాల గంట (కళ్యాణదుర్గం)

సార్, మీ కష్టం కాదనను. కానీ సగిలేరు సార్ చెప్పిన వంతల పద్ధతి అందరికంటే మీకే ఎక్కువ పనికొస్తుందనిపిస్తోంది. ఐదో తరగతి పిల్ల కథ చెప్తుంది, మూడో తరగతి వాళ్లు వంతలు. గుణింతాలు రానివాళ్లకు కూడా అడగడం వచ్చు. వాళ్లను పట్టిక ముందు కూర్చోబెడితే పక్కవాడిది చూసి రాస్తారు, మీకూ తెలుసు నాకూ తెలుసు.

నల్లరేగడి (ఆదోని)

ఎర్రమట్టి గారూ, పని జరిగినాక పేరు అన్నారు, బాగుంది. కానీ పేరు పెట్టడం మాత్రం మానొద్దు. ఆ రోజు "మన ఊర్లో అయితే?" అని మీరు అడిగినారు కాబట్టి వాళ్లు ఆలోచించినారు. రేపు మీరు పక్కన లేనప్పుడు కొత్త కథ చదివితే ఆ ప్రశ్న ఎవరు వేస్తారు? "స్థలం మారితే ఏమవుతుంది?" అని తనకు తాను వేసుకోవడానికి పిల్లవాడి దగ్గర ఆ మాట ఉండాలి కదా.

ఎర్రమట్టి (అనంతపురం)

అందులో మీతో పేచీ లేదు సార్. ప్రతి కథకూ ఐదు గళ్లూ అన్నదాని దగ్గరే నా పేచీ.

పాఠశాల గంట (కళ్యాణదుర్గం)

వచ్చే మీటింగ్‌లో నేను పెట్టబోయేది ఇది. మూడులో అంతా నోటితోనే. నాలుగులో ఒక కథకు ఒకే గడి, టీచరు ఎంచుకున్నది. కోతి, మొసలి అయితే "సమస్య ఎవరిది?" ఒక్కటే, పీరియడ్ అంతా దాని మీదే. ఏడు చేపలకు గడే వద్దు, ఊరు మార్చి చెప్పించడమే. ఐదులో పూర్తి పట్టిక, అది కూడా అతికే కథలకే.

నల్లరేగడి (ఆదోని)

మూడులో కూడా ఒక గడి ఉండనీయండి మేడం. పాత్రలు చాలు. మిగతా వాటికి నేను సంతకం పెడతా.

ఒకే గది (పత్తికొండ)

అంతా సరే, పరీక్ష సంగతి చెప్పండి. ఎస్.ఏ. (సమ్మేటివ్) పరీక్షలో "కథలో సమస్య ఏమిటి?" అని వచ్చిందనుకుందాం. ఒకడు మొసలి భార్య పెట్టిన కోరిక అని రాసినాడు, ఇంకొకడు కోతి నది మధ్యలో చిక్కుకోవడం అని రాసినాడు. ఎవరికి మార్కులు?

పాఠశాల గంట (కళ్యాణదుర్గం)

కారణం రాస్తే ఇద్దరికీ.

ఒకే గది (పత్తికొండ)

పై నుంచి వచ్చే జవాబుల కీలో ఒకటే జవాబు ఉంటే?

నల్లరేగడి (ఆదోని)

పేపర్లు దిద్దేది మనమే కదా సార్. రెండో జవాబు కూడా కీ పక్కన పెన్నుతో రాసుకోండి. తనిఖీకి ఎవరైనా వచ్చి అడిగితే కోతి కథ మొదటి నుంచి చెప్పండి, "సమస్య ఎవరిది సార్?" అని వాళ్లనే అడగండి.