పొదుగువాపు తగ్గినా చన్నులో గడ్డ మిగిలింది, పాలు మళ్లీ వస్తాయా?

మాది విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలం. మా ముర్రా గేదె మూడో ఈత ఈని 40 రోజులైంది. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చేది. 12 రోజుల క్రితం వెనక కుడి చన్ను గట్టిపడింది. నల్ల గుడ్డ మీద మొదటి ధారలు పిండి చూస్తే విరిగిన పాలలా తెల్లటి తునకలు, వాటి వెంట పసుపు నీరు. దూడను కూడా రానివ్వకుండా కాలు విసిరింది. ఎన్నడూ అలా చేసిన గొడ్డు కాదు.

1962కు ఫోను చేస్తే సంచార పశు వైద్యశాల వచ్చింది. డాక్టరు గారు సూదులు వేసి, చన్నులోకి మందు ఎక్కించారు. జ్వరం పోయింది, మేత తింటోంది. ఆయన చెప్పిన గడువు వరకు పాలన్నీ పారబోశాం. కానీ చన్ను మొదలు దగ్గర నిమ్మకాయంత గడ్డ ఉండిపోయింది. పావు గ్లాసు పాలు కూడా రావడం లేదు. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి నూరి పొదుగుకు పట్టిస్తున్నాం.

ఇలాంటి గడ్డ కరిగి అదే ఈతలో పాలు తిరిగి వచ్చిన అనుభవం మీలో ఎవరికైనా ఉందా? లేక ఆ చన్నును వదిలేసి వచ్చే ఈత కోసం చూడాలా? పాలను ప్రయోగశాలకు పంపి ఏ మందు పనిచేస్తుందో తెలుసుకోవడం ఇప్పుడు ఉపయోగమేనా?

ఇంకొకటి. పిండిన తరువాత కాసేపు చన్ను రంధ్రం తెరుచుకునే ఉంటుందని, అరగంట పడుకోకుండా మేత వేస్తున్నాం. అయితే వానలకు పాకలో మట్టి నేల బురదవుతోంది. తక్కువ ఖర్చులో నేలను పొడిగా ఉంచుకున్నవారు ఏం చేశారో చెప్పండి. బేరగాడు రోజూ వస్తున్నాడు, అమ్మడానికి నాకు మనసొప్పడం లేదు.