మారుమనస్సు పొందాను, మరి దీవెన ఎందుకు రావట్లేదు?

నాచారం తమ్ముడు:
అందరికీ వందనాలు. రెండేళ్ల క్రితం బాప్తిస్మం తీసుకున్నాను. తాగుడు మానేశాను, ఆదివారం ఆరాధన ఒక్కటీ మానలేదు, ఉన్నంతలో దశమభాగం (సంపాదనలో పదో వంతు) చర్చికి ఇస్తున్నాను. అయినా ఆర్నెల్ల క్రితం ఉద్యోగం పోయింది, బండి ఈఎంఐ రెండు నెలలు బాకీ. దేవుడు మేలు చేశాడని చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లందరికీ ఇళ్లు, వీసాలు వస్తున్నాయి, నాకే ఎందుకిలా? ఒకటి దాచకుండా చెప్తాను. అప్పట్లో గల్లీలో చిట్టీ నడిపేవాణ్ని. కింది పోర్షన్ ఆంటీ నెలకు 5,000 చొప్పున ఎనిమిది నెలలు కట్టింది, అంకుల్ పోయాక ఊరెళ్లిపోతూ డబ్బు అడిగితే మధ్యలో మానేస్తే రాదని అబద్ధం చెప్పి మొత్తం నేనే వాడుకున్నాను. దాని గురించి దేవుని దగ్గర చాలా ఏడ్చాను. ఇంకెన్ని రోజులు ఉపవాసం ఉండాలి?

సండే స్కూల్ టీచర్:
బ్రదర్, దేవుని దగ్గర ఏడ్చారు సరే, ఆంటీతో మాట్లాడారా? బైబిల్లో లూకా 19లో, పన్నులు వసూలు చేసే జక్కయ్య యేసుతో ఏమన్నాడు? ఆస్తిలో సగం బీదలకిస్తాను, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకుంటే వాళ్లకు నాలుగంతలు ఇస్తాను అన్నాడు. ఉపవాసం మాటే లేదు అక్కడ. లేవీయకాండం 6లో అయితే లెక్క కూడా ఉంది, అసలు ఇచ్చి దాని మీద అయిదో వంతు కలపాలి. మీది 40,000 అయితే 48,000. మత్తయి 5లో కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు మన మీద నొచ్చుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లి సమాధానపడమని యేసు ప్రభువే చెప్పాడు కాబట్టి, కొన్నాళ్లు ఆ దశమభాగం కూడా ఆంటీకే పంపండి అంటాను నేను. (మా పాస్టర్ గారు చూస్తే నాకు క్లాసే.)

ఉప్పల్ అన్న:
సిస్టర్ చెప్పింది కరెక్టే. కానీ తమ్ముడూ, డబ్బు తిరిగిస్తే ఉద్యోగం వస్తుందని మాత్రం ఇవ్వకు, అది ఇంకో చిట్టీ అవుతుంది, నెలనెలా కట్టి పాట ఎప్పుడొస్తుందా అని కూర్చోవడమే. పరాయివాడి భార్యను తీసుకుని అతన్ని చంపించిన పాపం దావీదు రాజు ఒప్పుకున్న వెంటనే, ప్రవక్త నాతాను నీ పాపం పరిహారమైంది అన్నాడు, ఆమెకు పుట్టిన బిడ్డ చనిపోతాడని కూడా అప్పుడే చెప్పాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది పోతే, వాళ్లు అందరికంటే పాపులనుకుంటున్నారా అని యేసే అడిగాడు. ఉద్యోగాలు అందరికీ పోతున్నాయి. ఇక సాక్ష్యాలంటావా, వీసా వచ్చినోడికే మైకు ఇస్తారు, రానోడికి ఎవరిస్తారు?

నాచారం తమ్ముడు:
పొద్దున ఫోన్ చేశాను. గొంతు గుర్తుపట్టింది. జరిగింది చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు, వెనక కుక్కర్ విజిల్ వినపడుతోంది. తర్వాత, "అంకుల్ దినాలకే కదరా ఆ డబ్బు అడిగింది" అంది. నాకు మాట రాలేదు. వాళ్లబ్బాయి నంబరు తీసుకుని 3,000 పంపాను, మిగతాది నెలనెలా వేస్తానన్నాను. సరే అంది గానీ, నమ్మినట్టు లేదు.