అప్‌డేట్: పర్సీ జూలియన్ మీదే సెమినార్ ఇచ్చాను

ఎమ్మెస్సీ సెమినార్‌కి ఏ స్టెరాయిడ్ కెమిస్టుని తీసుకోవాలని పోయినవారం అడిగాను కదండీ. మీరు చెప్పిన అమెరికన్ కెమిస్టు జూలియన్‌గారినే తీసుకున్నాను. నిన్న అయిపోయింది.

1935లో ఫైసోస్టిగ్మిన్ (కాలబార్ గింజల్లో ఉండే, గ్లాకోమా అనే కంటిజబ్బుకి వాడే మందు) ల్యాబ్‌లో సింథసిస్ చేసిన మనిషికి, నల్లజాతివాడని ప్రొఫెసర్ పోస్టు ఇవ్వలేదు. ఇది చెప్పేటప్పుడు గొంతు పూడుకుపోయింది. తర్వాత షికాగోలో గ్లిడెన్ కంపెనీలో చేరారు. అక్కడ సోయా నూనె ట్యాంకులోకి నీళ్లు కారి తెల్లటి ముద్ద పేరుకుంటే, అది స్టిగ్మాస్టెరాల్ అనే మొక్కల స్టెరాయిడ్ అని ఆయన పోల్చుకున్నారు. కాలబార్ గింజల నూనెలో అవే స్ఫటికాలు అంతకుముందే చూశారు మరి! దాంట్లోంచే ప్రొజెస్టెరాన్ అనే ఆడవాళ్ల హార్మోన్ తీశారు.

అదెలాగో చెప్తూ, బోర్డు మీద స్టిగ్మాస్టెరాల్‌లో 22, 23 కార్బన్ల మధ్య ఉండే డబుల్ బాండ్‌ని ఓజోన్‌తో తెంపి చూపించాను. "మరి 5-6 డబుల్ బాండ్ కూడా తెగదా?" అన్నారు మేడమ్. ముందే దానికి బ్రోమిన్ ఎక్కించి కాపాడతారని చెప్పాను. అది మీరు చెప్పిందే. చాలా థాంక్సండీ.