బీకాం రెగ్యులర్ + ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్: రెండూ కుదురుతాయా?

సీఈసీ_బ్యాచ్: ఇంటర్లో మ్యాథ్స్ లేదు. బీకాంతో పాటు ఈ బీఎస్ చేయొచ్చా? టర్ముకి ఎన్ని సబ్జెక్టులు తీసుకోవాలి?

కృష్ణ_ఒడ్డు: చేయొచ్చు. 2022 ఏప్రిల్‌లో యూజీసీ రెండు డిగ్రీలు ఒకేసారి చదవడానికి అనుమతిచ్చింది. బీఎస్‌కి ఇంటర్ గ్రూపుతో పనిలేదు, పదో తరగతిలో మ్యాథ్స్, ఇంగ్లిష్ ఉంటే చాలు. జేఈఈ అక్కర్లేదు, నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీ కూడా ఉంది.

సిగ్మా_బాబాయ్: బీఎస్ మొదటి దశ ఫౌండేషన్‌లో 8 సబ్జెక్టులు, 32 క్రెడిట్లు. ఏడాదికి మూడు టర్ములు. బీకాంతో కలిపి రెండేసి మించొద్దు, నాలుగు టర్ముల్లో ఫౌండేషన్ గట్టెక్కుతుంది. స్టాట్స్ 1 తేలికే. సీఈసీ వాళ్లు బోల్తాపడేది స్టాట్స్ 2 దగ్గర, అక్కడ సమాకలనం (ఇంటిగ్రేషన్) రాకపోతే ప్రాబబిలిటీ డెన్సిటీ, అంటే వక్రరేఖ కింది వైశాల్యంతో సంభావ్యత కొలిచే పద్ధతి, అర్థం కాదు. పాత తెలుగు అకాడమీ ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాలు తెచ్చుకోండి: మాత్రికలకు 1ఎ, అవకలనానికి (డిఫరెన్సియేషన్) 1బి, సంభావ్యతకు 2ఎ, సమాకలనానికి 2బి. మిగతా అధ్యాయాల జోలికి ఇప్పుడు పోనక్కర్లేదు.

కృష్ణ_ఒడ్డు: ఆన్‌లైన్ అన్నారని ఇంట్లో కూర్చుని పరీక్ష రాయొచ్చనుకోకండి. క్విజ్‌లు, ఎండ్‌టర్మ్ సెంటర్‌కి వెళ్లే రాయాలి. యూనివర్సిటీ సెమిస్టర్ పరీక్షలు పడే టర్ములో ఒక్క సబ్జెక్టే పెట్టుకోండి.

లెడ్జర్_టు_పైథాన్: కామర్స్ చదివినవాళ్లకి లాభం ఎక్కడంటే ఇక్కడ. బిల్లుల డేటాలో ఇన్వాయిస్ టేబుల్‌ని ఐటమ్ టేబుల్‌తో జాయిన్ చేశారనుకోండి, అంటే ఇన్వాయిస్ నంబర్ ఆధారంగా రెండింటినీ కలిపారనుకోండి. మూడు ఐటమ్‌లున్న ₹11,800 బిల్లు మూడు వరసల్లో వస్తుంది, మొత్తం కూడితే ₹35,400 చూపిస్తుంది. కోడ్‌లో ఎర్రర్ రాదు, అదే చిక్కు. ఐటమ్ టేబుల్‌లోని లైన్ విలువనే కూడాలి, లేదా ముందే ఇన్వాయిస్ నంబర్ వారీగా గ్రూప్ చేయాలి. పైగా ఆ 11,800లో 18% జీఎస్టీ ₹1,800 ఉంది, అసలు అమ్మకం ₹10,000. సరుకు వాపసు వస్తే క్రెడిట్ నోట్ (వాపసుకి అమ్మినవాళ్లు ఇచ్చే పత్రం) మొత్తాన్ని కూడా అమ్మకంలోంచి తీసేయాలి. ఇది పైథాన్ నేర్పదు, అకౌంట్స్ నేర్పుతుంది.

సీఈసీ_బ్యాచ్: అయితే బీకాంలో బిజినెస్ అనలిటిక్స్ తీసుకోనా?

లెడ్జర్_టు_పైథాన్: వద్దు. పైథాన్, స్టాట్స్ బీఎస్‌లో ఎటూ ఉన్నాయి, అవే రెండోసారి ఎందుకు? ట్యాక్సేషనో, ఫైనాన్సో తీసుకోండి.

సిగ్మా_బాబాయ్: నా ఓటూ ట్యాక్సేషన్‌కే. చేరేముందు కాలేజీ టైమ్‌టేబుల్ ఒకసారి చూసుకోండి, సాయంత్రం లైవ్ క్లాసులకి అడ్డం రాకూడదు.